అక్క షెడ్డు, అమ్మ ముక్కు

తీసుకుంటున్నారు! అక్క వాళ్ల కోకో గింజల్ని మా మేడం తీసుకుంటున్నారు! ఈ ఒక్క లోడే కాదు, సీజను అయ్యేదాకా వాళ్లు పులియబెట్టి ఎండబెట్టిన ప్రతి సంచీ! ఇవాళ మధ్యాహ్నం, మా చాక్లెట్ వర్క్‌షాపులో గ్రైండరు పక్కన నిలబడి, చేతిలో చెంచా కింద పెట్టకుండానే చెప్పారు. నేను అరిచిన అరుపుకి కింద అత్తరు దుకాణం చాచా "క్యా హువా బేటీ, కోయీ గిర్ గయా క్యా?" అంటూ, ఎవరో పడిపోయారనుకుని మెట్లెక్కి వచ్చేశాడు. ఆయన చేతిలో ఒక చాక్లెట్ ముక్క పెట్టి మళ్లీ అరిచాను.

సరే, ఊపిరి తీసుకుని మొదటి నుంచి చెప్తాను.

మాది పాతబస్తీలో ఛత్రినాక. బాపు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. అమ్మ నా చిన్నప్పటి నుంచీ ఒక సేటు హోల్‌సేల్ కిరాణా గోదాంలో పని చేస్తోంది. ఏలకులు, లవంగాలు, ధనియాలు చాటలో పోసి చెరగడం, పుల్లా పుచ్చూ ఏరడం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. ఫుడ్ టెక్నాలజీ చదువుతానంటే బాపు చాలాసేపు ఆలోచించి, "అంటె వంటనా బిడ్డా?" అని అడిగాడు. 

"కాదు బాపూ. తినే సరుకు మంచిగున్నదా లేదా పరీక్ష చేసుడు. పాడుగాకుంట ఎట్ల దాచిపెట్టాలె, గది."

అమ్మ చాటలోంచి తల ఎత్తకుండా, "గది నేను సదువకనే చేస్తున్న" అంది. మేమిద్దరం నవ్వాం. తను నవ్వలేదు.

ఉద్యోగం యాకుత్‌పురాలో దొరికింది. పాత గోదాం మీద ఒక అంతస్తు. గల్లీ ఎంత ఇరుకంటే నీళ్ల ట్యాంకరు మలుపు దగ్గరే ఆగిపోతుంది, పైపు వేసుకుని నింపుకోవాలి. అయినా మేడం అక్కడే ఉన్నారు, ఎందుకంటే ఆ గోడలు మూరెడు మందం. మే నెల ఎండలో కూడా లోపల చల్లగా ఉంటుంది, చాక్లెట్టుకి కావలసింది అదే. మేడం ఒక పెద్ద బిస్కెట్ కంపెనీలో ఉద్యోగం మానేసి, గింజ నుంచి బిళ్ల దాకా అన్నీ తానే చేస్తానని ఈ వర్క్‌షాపు పెట్టుకున్నారు. మొత్తం నలుగురం, నలుగురమూ ఆడవాళ్లమే. నా పని వచ్చిన గింజల్ని పరీక్షించడం.

చాక్లెట్ రుచి ఫ్యాక్టరీలో పుడుతుందని నేనూ అనుకునేదాన్ని. కాదు, తోటలోనే పుడుతుంది. కోకో కాయ పగలగొడితే లోపల తెల్లటి గుజ్జులో గింజలుంటాయి, సీతాఫలంలో ఉన్నట్టు. వాటిని చెక్కపెట్టెల్లో పోసి, అరిటాకులు కప్పి, మధ్యమధ్యలో కలియదిప్పుతూ ఆరు రోజులు పులియబెట్టాలి. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ వేడిలోనే రుచి తయారవుతుంది. ఆ తర్వాత ఎండబెట్టడం. అశ్వారావుపేట వైపు కొబ్బరి తోటల్లో చెట్ల నీడన కోకో బాగా పండుతుంది, కానీ అక్కడి ఆడవాళ్లు ఇన్నేళ్లూ కాయలు పగలగొట్టి, గింజలు గుజ్జుతోనే బేరగాడి బండిలోకి ఎత్తేవాళ్లు. నడుము నొప్పి వీళ్లది, రుచి ఎవరి చేతిలోనో తయారయ్యేది.

చలికాలంలో మేడం నన్ను అక్కడికి పంపారు, పులియబెట్టడం వాళ్లకే నేర్పమని. అప్పుడే అక్క పరిచయమైంది. నలభై దాటిన మనిషి, పొదుపు సంఘం లీడరు, వెనక పదకొండు మంది ఆడవాళ్లు. నేను తీసుకెళ్లిన చాక్లెట్ ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఇంత చేదా! దీనికేనా మేం ఇన్నేళ్లు నడుములిరగ్గొట్టుకుంది?"

అంటూనే మిగతా ముక్క కూడా తీసుకుంది. ఇంకోటి ఉందా అని అడిగింది. ఆ తర్వాత, పులియబెట్టే పని మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.

పెట్టెలు పెట్టడానికి చోటు కావాలి. అక్క వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డులో వాళ్ల ఆయన పాత మోటార్లు, పైపులు ఉండేవి. అవన్నీ తీసి వరండాలో పడేయించింది. ఊళ్లో మగవాళ్లు నవ్వారు, "గింజలు కుళ్లబెట్టి అమ్ముతారంట" అని. ఆయన మాత్రం నవ్వకుండా ఒక మాట అన్నాడు: "ఒక్క సీజను చూస్త. సరుకు తిరిగొచ్చిందో, షెడ్డు నాది. గింజలు మల్ల పాత బేరగాడికే." పదకొండు మంది ముందు అన్నాడు. పదకొండు మంది ముందే అక్క సరేనంది. ఈ సంగతి నాకు ఫోన్లో నవ్వుతూనే చెప్పింది కానీ, చివర్లో ఒక మాట అడిగింది. "చెల్లే, నువ్వు చెప్తేనే దిగినం. తేడా ఏం రాదు గదా?"

"రాదక్కా. నేనున్న గదా" అన్నాను. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు, ఎంత ధైర్యమో నాకు!

మొదటి లోడు నాలుగు సంచులు వచ్చాయి. యాభై గింజలు తీసి, ఒక్కొక్కటీ నిలువుగా కోసి చూశాను. పులియకపోతే లోపల ఊదా రంగుంటుంది. ఇవి మంచి గోధుమ రంగు, లోపలంతా చక్కటి పగుళ్లు. యాభైకి యాభై! బల్ల మీద వరసగా పేర్చి ఫొటో తీసి అక్కకి పంపాను. వేయించాం, పొట్టు తీశాం, రాతి గ్రైండరులో రెండు రోజులు తిప్పాం. మేడం చెంచాతో తీసి నాలుక మీద వేసుకున్నారు. మొదట కళ్లు పెద్దవయ్యాయి. ఆ వెంటనే మొహం మారిపోయింది. వెళ్లి సింకులో ఉమ్మేశారు.

"చివర్లో ఏదో ఉంది. ఇది కోకో చేదు కాదు."

నేనూ రుచి చూశాను. నిజమే. ముందు బాగుంది, మింగాక గొంతు దగ్గర ఏదో పచ్చి చేదు అంటుకుని వదలడం లేదు. ఏమిటది? ఎక్కడో తెలిసిన చేదే, కానీ పేరు అందడం లేదు. మేడం అనుమానం ముందు కింద అత్తరు దుకాణం మీదికి పోయింది, గోదాంలో వాసన ఏమైనా పట్టిందేమోనని. అడగడానికి నన్నే పంపారు. అత్తరు చేదెందుకవుతుందని చాచా బాగా నొచ్చుకున్నాడు. "హమారా అత్తర్ కడ్వా? బేటీ, ఖానే కీ చీజ్ నహీ హై, ఫిర్ భీ కడ్వా నహీ హై!" అని, నా మణికట్టు మీద ఇంత గులాబీ అత్తరు రాసి పంపించాడు. దాంతో ఆ రోజంతా నేను గింజల దగ్గరికి వెళ్లకూడదన్నారు మేడం.

తేమ చూశాం, బూజు చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు మేడం అన్నారు, "పులియబెట్టడంలోనే ఎక్కడో తేడా కొట్టింది. మొదటిసారి కదా, వాళ్ల తప్పు కాదు. తిప్పి పంపించెయ్. వచ్చే సంవత్సరం చూద్దాం."

వచ్చే సంవత్సరానికి షెడ్డు ఉండదు. ఆ మాట మేడంకి చెప్పాను. "సోమవారం దాకా టైమిస్తా. కారణం పట్టుకో" అన్నారు.

రెండు రోజులు నా నోట్సులన్నీ తిరగేశాను. కాలేజీలో నాకు ల్యాబ్ చెప్పిన మేడంకి ఫోన్ చేశాను. అక్కకి ఫోన్ చేసి పోలీసులా ప్రశ్నలేశాను: ఎన్ని రోజులు ఉంచారు, ఎన్నిసార్లు తిప్పారు, వేడి ఎంత, ఎండలో ఎన్నాళ్లు. అన్నిటికీ సరైన జవాబే చెప్పింది. చివరికి, "ఏందమ్మా, తిరిగొస్తున్నయా?" అని అడిగింది. "లేదక్కా, ఊకెనే" అన్నాను. అబద్ధం ఆడటం నాకు రాదు, అక్కకి తెలిసిపోయే ఉంటుంది.

శనివారం సాయంత్రం, ఆ లోడులో వేయించిన గింజలు గుప్పెడు స్టీలు డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇంట్లో నెమ్మదిగా చూద్దామని. అమ్మ దాన్ని నా టిఫిను డబ్బా అనుకుని కడగడానికి మూత తీసింది.

"ఈ డబ్బల పప్పెప్పుడు పోసినవే?"

"పప్పేంది? అవి కోకో గింజలు. కడగకు, నాకు గావాలె."

"కోకోనో గీకోనో. పప్పు డబ్బ వాసనొస్తుంది."

"పప్పు డబ్బ వాసనంటె?"

"వేపాకేనే! ఎండిన వేపాకు. ఏంది, ముక్కు కూడ కాలేజీలనే ఇడిసిపెట్టొచ్చినవా?"

నేను వంటింట్లోకి పరిగెత్తి కందిపప్పు డబ్బా మూత తీసి తల లోపల పెట్టేశాను. అదే! అమ్మ ఏటా వేపాకు నీడన ఎండబెట్టి, పప్పులో పొరలు పొరలుగా వేస్తుంది, పురుగు పట్టకుండా. పుట్టినప్పటి నుంచీ ఆ పప్పే తింటున్నాను. కోకోలో సగం కొవ్వే, పక్కన ఏముంటే ఆ వాసన లాగేసుకుంటుంది. ఈ ముక్క పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నదాన్ని! పప్పులో అయితే కడిగి ఉడికించేసరికి పోతుంది. కోకోని ఎవరు కడుగుతారు?

వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, గింజలు ఎండినంక సంచులల్ల ఏమన్న ఏసిండ్రా?"

"ఏం ఎయ్యలేదు చెల్లే. ఎందుకేస్తం?"

"వేపాకు?"

"వేపాకా? అది ఎయ్యడమేంది, అదెట్లైనా ఉంటది గదా! వేపాకు లేకుండ గింజల సంచీ ఎవరన్న కడతారా? పంపేముందు కూసోని ఏరి తీసేసినం, ఒక్క ఆకు ఉంచలే. పట్నం పోయే సరుకు, మంచిగ కనబడాలె గదా."

నేను నవ్వుతూ ఏడుస్తూ ఉంటే అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"చెల్లే, నేను దీని అమ్మను. జర ఇను. వేపాకు పప్పుకు మంచిగనే, దీనికి పనికిరాదట."

"మరి పురుగు పట్టదా అక్కా?" అటు నుంచి అక్క గొంతు నాకూ వినిపిస్తోంది.

"పచ్చిగుంటె పడ్తది. పంటి కింద పెడితె టక్కున ఇరగాలె, గట్ల ఎండవెట్టు. అట్లెండినంక పురుగు కొరికితె దాని పండ్లే ఇరుగుతయి. సంచులు నేల మీద పెట్టకు, చెక్కల మీద పెట్టు, గోడకు ఆనియ్యకు. మా సేటు గోదాంల ఏలక్కాయ గట్లనే ఉంటది. వాసన పోతె దానికి ఇలువేముంది చెప్పు."

ఆ తర్వాత ఇద్దరూ పిల్లల గురించి, మోకాళ్ల గురించి, మోటార్లు వరండాలో పెట్టినందుకు అక్క ఆయన రోజూ చేసే లొల్లి గురించి మాట్లాడుకున్నారు. నా ఫోన్ ఛార్జింగు అయిపోయేదాకా.

సోమవారం మేడంకి చెప్తే నవ్వేశారు. "వేపాకా? నా చాక్లెట్‌లోనా?" 

"ఒక్క వారం టైమియ్యండి మేడం. ఒప్పుకునేటట్టు చేస్త."

ఇంకో తోట నుంచి వచ్చిన మంచి గింజల్ని రెండు సీసాల్లో పోశాను. ఒకదాంట్లో అమ్మ ఇచ్చిన వేపాకు గుప్పెడు వేశాను, రెండోది ఉత్తది. వారం తర్వాత ఆకులు తీసేసి, రెండూ విడివిడిగా వేయించి, దంచి, రెండు కప్పుల్లో పెట్టి, మేడంని కళ్లు మూసుకోమన్నాను. మొదటి కప్పు వాసన చూసి పక్కన పెట్టారు. రెండోది ముక్కు దగ్గరికి తీసుకుని టక్కున కళ్లు తెరిచారు. "ఇదే. ఆ రోజు ఇదే." తర్వాత నెమ్మదిగా అన్నారు, "అంటే వాళ్లు పులియబెట్టింది సరిగ్గానే ఉందన్నమాట."

"సరిగ్గ కాదు మేడం, మస్తు మంచిగుంది!"

నాలుగు సంచుల్నీ తిప్పి పంపలేదు, అలాగని వాడనూ లేదు. మూలన పెట్టించారు. "ఇంకో లోడు పంపమను. అది బాగుంటే మాట్లాడదాం. బాగోకపోతే ఇక నన్నడగొద్దు."

ఆ రెండో లోడు పోయిన వారం వచ్చింది. ఇవాళ రుచి చూసే రోజు. మేడం నిన్న సాయంత్రమే చెప్పారు, "మీ అమ్మగారిని కూడా తీసుకురా" అని.

అమ్మ సేటు దగ్గర సగం రోజు సెలవు పెట్టింది. "ఏం చెప్పినవే సేటుకు?" అంటే, "చాక్లెట్ వాసన చూడ పోతున్న అన్న. పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు" అంది. పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుంది. ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఇవాళ శనివారం, అమ్మకి ఒక్కపొద్దు. 

"అయ్యో, నువ్వేం తినవు గదనే!"

"అండ్ల ఏమేమేస్తరు?"

"గింజలు, చక్కెర. అంతే."

కాసేపు ఆలోచించింది. "గింజనే గదా. అన్నం కాదు. నడుస్తది."

వర్క్‌షాపులోకి రాగానే అమ్మ మేడంకి నమస్కారం పెట్టి, నేరుగా పొట్టు తీసిన గింజల ట్రే దగ్గరికి పోయింది. చెయ్యి పెట్టి కలియబెట్టి, నాలుగు పొట్టు ముక్కలు ఏరి పక్కన పెట్టింది.

"ఇదేందమ్మా, ఇంత పొట్టు మిగిలింది? చాట లేదా మీ దగ్గర?"

"మిషన్ ఉందండీ" అన్నారు మేడం.

"మిషన్‌కు కండ్లుంటయా?"

నేను భూమిలోకి పోయాను. మేడం మాత్రం ఒక పెద్ద స్టీలు పళ్లెం తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ చీర కొంగు నడుముకి దోపుకుని నాలుగుసార్లు చెరిగింది. పొట్టు అంతా అంచుకి చేరి గాలికి లేచిపోయింది, గింజ ఒక్కటీ పడలేదు. మిగతా ఇద్దరూ పని ఆపి చూస్తూ ఉండిపోయారు.

తర్వాత అసలు పని. ముందు పచ్చి గింజలు వాసన చూసింది, తర్వాత వేయించినవి, తర్వాత గ్రైండరు మీదికి వంగి తిరుగుతున్న చాక్లెట్. ఇంకోసారి వంగింది. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్లు, వరండాలో మోటార్లు, బేరగాడి బండి, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరుగుతున్నాయి.

"చెప్పు అమ్మా!"

"ఉండే. తొందరేంది?" మేడం ఇచ్చిన చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. "వేపాకు లేదు."

"మరి ఏముంది?" మేడం అడిగారు.

"ఈతపండు. మాగిన ఈతపండు. అటెన్క జర చింతపండు పులుపు. మింగినంక…" మళ్లీ ఒక చుక్క తీసుకుంది, "బెల్లం పాకం అడుగంటితె వస్తది సూడు, గా వాసన. మంచిగుంది. మస్తు మంచిగుంది."

మేడం ఆ మాటలన్నీ ఒక్కటీ మార్చకుండా రాసుకున్నారు. రాసుకుని, తనూ ఒక చెంచా తీసుకున్నారు. చాలాసేపు చప్పరించారు. సింకు వైపు వెళ్లలేదు. మింగారు! నా వైపు తిరిగి, "సీజను మొత్తం తీసుకుంటానని చెప్పు. అన్ని సంచులూ" అన్నారు.

అప్పుడే నేను అరిచింది.

లోపల సిగ్నలు రాదు, మెట్ల మీదికి పరిగెత్తాను. అక్క నాలుగో రింగుకి ఎత్తింది. వెనక ఆడవాళ్ల మాటలు, చెక్క మీద పార గీస్తున్న చప్పుడు. గింజలు తిరగేస్తున్నారు.

"అక్కా! తీసుకుంటున్నరు! సీజన్ మొత్తం!"

అటు పార చప్పుడు ఆగిపోయింది. కట్టయిందేమో అనుకున్నాను.

"ఉండు చెల్లే. స్పీకరు పెడ్త. మల్లొకసారి చెప్పు, అందరు ఇనాలె."

మళ్లీ చెప్పాను. ఆ షెడ్డులోంచి వచ్చిన కేకలకి ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరో రేకుల మీద కర్రతో కొడుతున్నారు. అందులోంచే అక్క గొంతు, ఎవరినో దూరం నుంచి పిలుస్తూ: "ఏమయ్యో! ఇన్నవా? నీ మోటార్లకు ఇగ వరండానే!"

ఆయన జవాబు సన్నగా వినిపించింది. "సర్లే. ఇప్పుడింకో షెడ్డు కావాలంటవ్, అంతేగా?"

"కావాలె!" పన్నెండు మందీ ఒకేసారి.

ఇప్పుడు ఇంటికొచ్చాను. ఛార్జరు పెట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే ఇంకా చాలామందికి చెప్పాలి:

బాపు. డ్యూటీలో ఉన్నాడు, ఫోను లాకరులో ఉంటుంది. ఆరు దాటాక చేయాలి. ముందు "అమ్మ పాసైంది" అని చెప్తాను, మిగతాది తర్వాత.

కాలేజీలో ల్యాబ్ మేడం. తేమ చూడమ్మా, తేమ చూడు అని రెండు రోజులు నాతో పాటు కంగారుపడ్డారు.

అక్క పక్క ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు. "ముందు నీ సరుకు పోనీ, అప్పుడు మేం దిగుతం" అన్నారట. అక్క నంబర్లు పంపింది. వేపాకు సంగతి మొట్టమొదట చెప్పాలి.

సేటు. వారంలో రెండు పూటలు అమ్మ వచ్చి చెరగడం నేర్పాలని మేడం అడిగారు. ఆ మాట తనే మాట్లాడుకుంటానంది అమ్మ. నేను నంబరు కలిపి ఇవ్వాలి, అంతే.

పాత బేరగాడు. ఇతనికి నేను చేయను, అక్కే చేస్తానంది. లిస్టులో ఎందుకు రాశానంటే, ఆ ఫోను అయ్యాక నాకు చేసి చెప్తానంది, ఎత్తాలి.

అశ్వారావుపేట పార్సిల్ ఆఫీసు. బుధవారం ఎనిమిది సంచులు వస్తున్నాయి. మా సంచుల పక్కన ఫినాయిలు డబ్బాలు గానీ, ఎండుమిరప బస్తాలు గానీ పెట్టొద్దని చెప్పాలి. రెండుసార్లు చెప్పాలి.